రెండు వేళ్ళు పట్టేంత నోరు

2023 మార్చి. కెనడాలోని హామిల్టన్‌లో మంచు కరిగి రోడ్ల పక్కన నల్లటి బురదగా మిగిలే రోజులు. అప్పటికే నేను ఎమ్మారై టెక్నాలజిస్టుగా పనిచేయబట్టి చాలా ఏళ్ళయింది. తెలుగువాళ్ళు నలుగురు కలిసినచోట ఎవరైనా నా ఉద్యోగం గురించి అడిగితే, నేను నోరు విప్పేలోపలే "బటన్ నొక్కడమేగా" అనేస్తారు. అన్నవాళ్ళ ప్లేట్లో ఇంకో గారె వేసి ఊరుకుంటాను. బటన్ నొక్కేది నేనే, కాదనను. కానీ నొక్కే ముందు మనిషిని సరిగ్గా పడుకోబెట్టాలి, భయం తీర్చాలి, కదలకుండా ఉంచాలి, డాక్టరు చూడాలనుకున్న భాగాన్ని చూడగలిగే స్థితిలో పెట్టాలి. ఈ చివరి పని ఎంత కష్టమో సుగుణ గారి దవడ నాకు నేర్పింది.

ముందు దవడ సంగతి కాస్త చెప్పాలి. చెవి ముందు వేలు ఆనించి నోరు తెరిచి మూస్తే లోపల ఏదో కదులుతున్నట్టు తెలుస్తుంది. అదే దవడ కీలు. ఆస్పత్రిలో టీఎంజే అంటాం. కింది దవడ ఎముకకు పైన గుండ్రటి తల ఉంటుంది. అది పుర్రెలోని ఒక గుంటలో ఆడుతుంది. రెండూ ఒరుసుకోకుండా మధ్యలో మెత్తటి చిన్న బిళ్ళ ఉంటుంది. దాని పేరు డిస్క్. చపాతీ పిండి ఉండను బొటనవేలితో మధ్యలో నొక్కితే అంచులు లావుగా, నడుమ పలచగా ఉంటుంది చూడండి, ఇంచుమించు అలాంటిది.

కొందరికి ఈ డిస్క్ ముందుకు జారిపోతుంది. నోరు బాగా తెరిచినప్పుడు ఎముక తల కూడా ముందుకు కదిలి, జారిన డిస్క్ కిందికి మళ్ళీ చేరుతుంది. అప్పుడే చెవి దగ్గర టక్కుమని వినిపిస్తుంది. డిస్క్ తన చోటికి తిరిగొస్తోంది కాబట్టి దీన్ని 'విత్ రిడక్షన్' అంటారు. ఎక్కువమందికి మెత్తటి తిండి, దవడ వ్యాయామాలు, రాత్రిపూట పళ్ళకు తొడుక్కునే స్ప్లింట్‌తో సర్దుకుంటుంది. ఎంత తెరిచినా డిస్క్ వెనక్కి రాకుండా ఎముకకు అడ్డం పడి ఉంటే అది 'వితౌట్ రిడక్షన్'. అందులో నోరే సరిగ్గా తెరుచుకోదు. మందులకూ వ్యాయామాలకూ లొంగకపోతే కొందరికి వ్యవహారం ఆపరేషన్ దాకా పోతుంది.

తల చుట్టూ తిరిగి తీసే పానోరమిక్ ఎక్స్‌రేలో రెండు దవడలూ ఒకేసారి కనిపిస్తాయి. ఎముక అరిగిందా, విరిగిందా అని ఇంకా వివరంగా చూడాలంటే సీటీ స్కాన్ ఉంది. అయితే డిస్క్ ఎముక కాదు. అది కనపడాలంటే ఎమ్మారై చేయాల్సిందే. అదీ రెండుసార్లు: నోరు మూసి ఒకసారి, బాగా తెరిచి ఒకసారి. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుంటేనే డిస్క్ తిరిగొస్తోందో లేదో తెలుస్తుంది.

సుగుణ గారు వాళ్ళమ్మాయి గ్రేస్‌తో వచ్చారు. ఆవిడకు యాభై దాటాయి. ఇక్కడ ఒక లాంగ్ టర్మ్ కేర్ హోంలో పీఎస్‌డబ్ల్యూగా పనిచేస్తారు. అంటే లేవలేని వృద్ధులకు స్నానం చేయించడం, బట్టలు మార్చడం, అన్నం తినిపించడం. గ్రేస్ ఇక్కడే పుట్టి యూనివర్సిటీలో చదువుకుంటున్న పిల్ల. తల్లి తెలుగులో అడిగినవాటికి ఇంగ్లీషులో జవాబులిస్తూ, ఫోన్ చూసుకుంటూ, తల్లి కోటు మాత్రం భద్రంగా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సుగుణ గారు మెడలో శిలువ ఉన్న సన్నటి గొలుసు తీసి, కళ్ళకద్దుకుని కూతురి చేతికిచ్చారు. నేను తెలుగులో పలకరించగానే ఆవిడ కళ్ళు నవ్వాయి. పెదాలు మాత్రం విడివడలేదు.

నాలుగైదు నెలల ముందు వేరేచోట తీసిన ఎమ్మారైలో ఎడమవైపు డిస్క్ ముందుకు జారిందనీ, నోరు తెరిచినా తిరిగి రావడం లేదనీ తేలింది. నోరు రెండు వేళ్ళు పట్టేంతకన్నా ఎక్కువ తెరుచుకోవడం లేదు. సర్జన్ ఆపరేషన్‌కు తేదీ కూడా ఇచ్చారు, ఈస్టర్ వెళ్ళాక. అయినా ఆయనకు ఒకటి మింగుడు పడలేదు. టక్కుమని చప్పుడు ఇంకా వస్తోందని ఈవిడ చెబుతున్నారు. డిస్క్ తిరిగి రాకపోతే ఆ చప్పుడు ఎక్కడిది? అందుకని కత్తి పట్టే ముందు ఇంకోసారి చూద్దామని, నోరు వీలైనంత పూర్తిగా తెరిపించి తీయమని రాసి పంపారు. ఆయనకు ఆ అనుమానం రావడం మంచిదైంది.

సుగుణ గారికైతే ఏ అనుమానమూ లేదు, అంతా భయమే. చెవి పక్కన కోస్తారట. నెలల తరబడి జావ, పిసికిన పెరుగన్నంతోనే బతుకుతున్నారు. ఆపరేషనైతే ఇంకెన్ని వారాలు అదే గతో తెలియదు. డ్యూటీకి పోలేకపోతే తన వార్డులో ముసలివాళ్ళకు తినిపించేదెవరని ఇంకో దిగులు. "తొందరపెడితే వాళ్ళు మింగరమ్మా. కొత్తవాళ్ళకి ఆ ఓపిక ఉండదు" అన్నారు. తన దవడ గురించి అడిగితే వాళ్ళ దవడల గురించి చెప్పే మనిషి.

నోరు మూసి తీసిన బొమ్మలు చక్కగా వచ్చాయి. తర్వాత తెరిచి తీయాలి. నోరు తెరిచి అన్ని నిమిషాలు ఎవరూ కదలకుండా ఉండలేరు కాబట్టి పళ్ళ మధ్య బైట్ బ్లాక్ అనే దిమ్మ పెడతాం. రకరకాల సైజులుంటాయి. ఎంత తెరవగలిగితే అంత తెరవండి అన్నాను. ఆవిడ రెండు వేళ్ళ సందు తెరిచి ఆగిపోయారు. నొప్పిగా ఉందా అంటే లేదని చెయ్యి ఊపారు. ఇంకొంచెం అన్నాను. ఇంతే అని సైగ చేశారు. అన్నిటికన్నా చిన్న దిమ్మ పెట్టి స్కాన్ చేశాను. పాత రిపోర్టులో ఉన్నదే మళ్ళీ కనిపించింది. డిస్క్ ముందుకు జారి అక్కడే ఉంది.

అక్కడితో ముగించి పంపించేస్తే నన్ను అడిగేవాళ్ళు లేరు. బయట తర్వాతి పేషెంటు ఎదురుచూస్తున్నాడు. కానీ నాకు మనసొప్పలేదు. ఒక పక్క డిస్క్ అడ్డం పడి తెరుచుకోని దవడ, తెరిచేటప్పుడు సాధారణంగా ఆ పక్కకు ఒరుగుతుంది. చివర్లో నొప్పితో మొహం ముడుచుకుపోతుంది. ఈవిడ దవడ తిన్నగా దిగి, నొప్పి లేకుండా, గీత గీసినట్టు ఒకచోట ఆగిపోయింది. పైగా పెదాలు రెండూ లోపలికి మడిచి పళ్ళ మీద కప్పుకున్నారు. ఎముక ఆపితే ఆగినట్టు లేదు, మనిషి ఆపితే ఆగినట్టుంది. కాసేపు విరామం తీసుకుందామని చెప్పి బల్ల బయటికి లాగి, పక్కగదిలో కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చాను. తాగేటప్పుడు కూడా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు.

భయం పోవాలంటే మనిషి చేత తన పని గురించి మాట్లాడించాలి. ఇది నా పాత చిట్కా. మీ వార్డులో అందరికన్నా మొండివాళ్ళెవరని అడిగాను. ఆవిడ మొహం వెలిగింది. ఒక పెద్దాయన ఉన్నాడట, స్టీల్ ఫ్యాక్టరీలో జీవితమంతా కొలిమి దగ్గర పనిచేసి వచ్చినవాడు. ఎవరు స్పూన్ చూపించినా మొహం తిప్పేసుకుంటాడు. ఈవిడ మాత్రం ఎదురుగా కూర్చుని తినిపిస్తారు. ఎలా అన్నాను. "ఇట్టా" అని లేని స్పూన్ ఒకటి గాల్లో ఎత్తి, నా మొహం దగ్గరికి తెచ్చి, "ఆఁ" అంటూ తనూ నోరు తెరిచారు.

పిల్లలకు తినిపించిన ఏ తల్లినైనా చూడండి. ముద్ద బిడ్డ నోటికి పోతుంటే తల్లి నోరు దానంతటదే తెరుచుకుంటుంది. ఆవిడదీ అలాగే తెరుచుకుంది. మూడు వేళ్ళు నిలువుగా పట్టేంత. టక్కుమన్న చప్పుడు నాకు స్పష్టంగా వినపడింది. దాంతోపాటు పళ్ళూ కనపడ్డాయి. పైవరస మీద అడ్డంగా గోధుమరంగు చారలు, అక్కడక్కడా గుంటలు. మరుక్షణం ఆవిడ చెయ్యి నోటి మీదికి వచ్చేసింది.

ఆ చారలు నాకు పుస్తకంలో చదివి తెలిసినవి కావు. మాది నల్లగొండ జిల్లా. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ తాగి పెరిగిన పిల్లలందరికీ అవే పళ్ళు. గార పళ్ళనేవాళ్ళు. ఎన్నిసార్లు తోమినా, బొగ్గు పెట్టి రుద్దినా పోయేవి కావు, ఎందుకంటే అవి మురికి కాదు, పన్ను పుట్టుకతోనే పట్టిన రంగు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మా దగ్గర ఊరి నీళ్ళు మంచివి కాక నోరు పాడైంది. పొరుగూరి చుట్టాలు వస్తే ఆడపిల్లలం నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళం. చూసినవాళ్ళు ఎంత అణకువగల పిల్లలో అని మెచ్చుకునేవాళ్ళు.

"అక్కా, మీది కనిగిరి వైపా?" అన్నాను. ప్రకాశం జిల్లాలో ఆ వైపు కూడా ఫ్లోరైడ్ నీళ్ళే, ఆవిడ యాసా అటుదే. గారు కాస్తా ఎప్పుడు అక్క అయిందో నాకే తెలియలేదు.

ఆవిడ చెయ్యి తీయకుండానే, "ఎట్టా తెలిసింది?" అన్నారు.

"నాది నల్లగొండ. మీ నీళ్ళే మా నీళ్ళు. పైపండ్లకు ఇక్కడికొచ్చినంక క్యాప్‌లు ఏయించుకున్న. కిందివి జూడుండ్రి" అని కింది పెదవి లాగి చూపించాను. పదిహేనేళ్ళలో ఆస్పత్రిలో నేనెవరికీ చూపించనివి అవి. సుగుణ గారు ముందుకు వంగి, డాక్టరు కన్నా శ్రద్ధగా చూశారు. చూసి, మెల్లగా తన చెయ్యి ఒళ్ళోకి దించుకున్నారు.

తర్వాత ఆవిడ మాట ఆగలేదు. బళ్ళో మాస్టరు పళ్ళు తోమవా అని అందరి ముందు నిలబెట్టిన సంగతి. చర్చిలో పాటలు పాడే గుంపులో ఎప్పుడూ వెనక వరసలో నిలబడిన సంగతి. పెళ్ళి ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ నవ్వని సంగతి. కెనడా వచ్చిన కొత్తలో ఒక డెంటిస్ట్ చాలా మర్యాదగా, రోజుకు ఎన్ని సిగరెట్లు కాలుస్తారని అడిగాడట. ఆ తర్వాత దవడ నొప్పి భరించలేనంత అయ్యేదాకా ఏ పళ్ళ డాక్టరు గడపా తొక్కలేదు. సర్జన్ దగ్గర కుర్చీలో పడుకోబెట్టి, మొహం మీద లైటు వేసి, చుట్టూ ఇద్దరు ముగ్గురు కుర్ర డాక్టర్లు నిలబడి చూస్తుంటే నోరు తెరవమన్నారు. రెండు వేళ్ళ సందు తెరిచారు. పట్టుకుపోయిందా అని అడిగితే అవునన్నారు. పట్టుకుపోయే రోజులు కూడా ఉన్నాయి కాబట్టి అదంత అబద్ధమూ కాదు.

"నొప్పి కాదమ్మా, సిగ్గు" అన్నారు. "మిషను ఎట్టాగూ లోపలంతా చూస్తది గదా, నోరెంత తెరిస్తే ఏముందిలే అనుకున్నా."

ఇంత చిన్న విషయం ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఎందుకు తెరవమంటామో చెప్పకుండా తెరవమంటాం. నోరు సగమే తెరిస్తే ఎముక తల సగం దారిలోనే ఆగిపోతుంది. డిస్క్ తిరిగి చేరాల్సిన చోటిదాకా అది పోనే పోదు. అప్పుడు తీసిన బొమ్మలో డిస్క్ తిరిగి రానట్టే కనపడుతుంది. యంత్రం అబద్ధం చెప్పలేదు, దాని ముందు పెట్టినదాన్నే చూపించింది. ఆ రెండు వేళ్ళ సందును నమ్మి ఒక మనిషికి ఆపరేషన్ తేదీ ఖాయమైంది. ఇదంతా దవడ బొమ్మ గీసి ఆవిడకు వివరించాను. ఆవిడ విని, అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న అడిగారు. ఆ ఫోటోల్లో పళ్ళు కనపడతాయా అని.

"కనపడతయి అక్కా. కానీ ఎమ్మారైల ఎవరి పండ్లైనా నల్లగనే కనపడతయి" అన్నాను. "ఇక్కడి తెల్లవాళ్ళవి, కోటీశ్వరులవి, మీ గ్రేస్‌వి, అందరివీ నలుపే."

ఇది ఆవిడను ఒప్పించడానికి అల్లిన మాట కాదు. ఎమ్మారై చూసేది ఎక్కువగా ఒంట్లోని నీటినీ కొవ్వునూ. పంటి పైపొరలో అవి లేనట్టే, కాబట్టి అది బొమ్మలో నల్లటి ఖాళీగా వస్తుంది. సుగుణ గారు నావైపు ఒక్క క్షణం చూసి, పెద్దగా నవ్వారు. అడ్డం ఏమీ లేకుండా. ఆ నవ్వులోనూ టక్కుమంది. చెంప పట్టుకుని "అబ్బా" అని, మళ్ళీ నవ్వారు.

రెండోసారి బల్ల మీద పడుకున్నాక నేను చెప్పకముందే నోరు తెరిచారు. పెద్ద దిమ్మ పట్టింది. ఆ భాగం స్కాన్‌కు కొద్ది నిమిషాలే పడుతుంది. అద్దం ఇవతల కూర్చుని తెర మీదికి ఒక్కో బొమ్మ వస్తుంటే చూశాను. ఎముక తల ముందుకొచ్చింది. దాని మీద, ఉండాల్సినచోట, నడుమ పలచగా, అంచులు లావుగా డిస్క్ కూర్చుని ఉంది. నా ఉద్యోగంలో అంత అందమైన బొమ్మ చూశానో లేదో గుర్తులేదు. కుర్చీలోంచి లేచి ఎవరికైనా చెప్పాలనిపించింది.

చెప్పకూడదు. అది మా పనిలో మొదటి నియమం. బొమ్మ తీసేవరకే నేను, అందులో ఏముందో చెప్పాల్సింది రేడియాలజిస్టు. నేను తొందరపడి ఒక మాటనేసి, బొమ్మలో నాకు తెలియనిది ఇంకేదైనా ఉంటే ఆ మనిషికి రెండింతల దుఃఖం. బయటికి వచ్చాక సుగుణ గారు నా చెయ్యి పట్టుకుని ఏం కనపడిందమ్మా అని అడిగారు. మనం మనం ఒకటి కదా, చెప్పవా అన్నట్టు చూశారు. ఈసారి బొమ్మలు బాగా వచ్చాయి, డాక్టరు గారు చూసి చెబుతారని మాత్రం అన్నాను. మొహం బిగబట్టుకుని నిలబడటం ఆ రోజు నాకు చేసిన పనంతటికన్నా కష్టమైంది.

మధ్యాహ్నం మా రేడియాలజిస్టు రెండు స్కాన్‌లూ పక్కపక్కన పెట్టుకుని నన్ను పిలిచాడు. ఇవి ఒకే మనిషివేనా అన్నాడు. జరిగింది చెప్పాను. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకుని, తన చిన్నప్పుడు పళ్ళకు కట్టిన తీగల వల్ల రెండేళ్ళు నవ్వలేదని చెప్పాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. రిపోర్టులో ఎంత నోరు తెరిచినప్పుడు తీసిన బొమ్మో కూడా రాసి, స్వయంగా సర్జన్‌కు ఫోన్ చేశాడు.

మే నెలలో సుగుణ గారు మళ్ళీ మా డిపార్టుమెంటుకు వచ్చారు. పేషెంటుగా కాదు, ఆ స్టీల్ ఫ్యాక్టరీ పెద్దాయనను వీల్‌చెయిర్‌లో తోసుకుంటూ. ఆయనకు వెన్నుపూస స్కాన్. ఆపరేషన్ రద్దు చేశారట. స్ప్లింట్ ఇచ్చారు, ఫిజియోథెరపీకి పంపారు. ఇప్పుడు మామూలు అన్నం తింటున్నారు, చపాతీ ఇంకా కుదరడం లేదు. ఒళ్ళు కాస్త వచ్చింది. సెలవు పెట్టాల్సిన అవసరమే రాలేదని చెబుతూ పెద్దాయన భుజం తట్టారు.

పెద్దాయనను లోపలికి పంపాక, గ్రేస్ ఎలా ఉందని అడిగాను. సుగుణ గారు చుట్టూ ఒకసారి చూసి గొంతు తగ్గించారు. ఆ రోజు ఇంటికి వెళ్తూ కారులోనే కూతురికి అంతా చెప్పేశారట. పుట్టినప్పటినుంచి అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం చూస్తూనే ఉన్న పిల్ల, అది మన పద్ధతేమో అనుకుందట. ఎర్రలైటు దగ్గర కారు ఆగినప్పుడు సుగుణ గారు కూతురి వైపు తిరిగి, నోరు తెరిచి చూపించారట.

"చూసి ఏమందో తెలుసా అమ్మా? 'దట్స్ ఇట్, మామ్?' అంది. యాభై ఏళ్ళు దాచిపెట్టుకుంటే, దానికి ఇంతేనా అయింది" అన్నారు సుగుణ గారు. అంటూ నవ్వుతున్నారు, కళ్ళు తుడుచుకుంటున్నారు. చెయ్యి అలవాటుగా నోటిదాకా వచ్చింది. ఇంత పాత అలవాటు ఒక్క స్కాన్‌తో పోతుందని నేనూ అనుకోలేదు. నాకు మాత్రం ఆవిడను అలా చూడటం చాలా సంతోషంగా ఉంది.

ఆ తర్వాత దవడ స్కాన్‌కు వచ్చిన ఎవరినీ నేను ఊరికే నోరు తెరవమనలేదు. ఎంత తెరిస్తే లోపల ఏం కదులుతుందో, ఎందుకు కావాలో ముందు చెబుతాను. చెప్పాక వాళ్ళ ఎదురుగా కూర్చుని, వాళ్ళకన్నా ముందు నేను నోరు తెరుస్తాను. నా కింది పళ్ళు కనపడతాయి. కొందరు చూసి చూడనట్టుంటారు, కొందరు తేరిపార చూస్తారు. తర్వాత వాళ్ళూ తెరుస్తారు.